‘అన్నారు’ అంటే తక్కువేమీ కాదు

తెలుగు దినపత్రికల సంపాదకులకు, వార్తా చానెళ్ల డెస్కుల్లోని పెద్దలకు



మీరు అచ్చేసే వార్తల్లో వాక్యం చివర వచ్చే క్రియ గురించి ఈ ఉత్తరం రాస్తున్నాను. నాయకుడు మాట్లాడతాడు, అధికారి మాట్లాడతాడు, అన్యాయం జరిగిన మనిషి మాట్లాడుతుంది. ఆ మాటలు వాళ్లవి. వాటి వెనక వచ్చే ‘అన్నారు’, ‘ఆరోపించారు’, ‘ధ్వజమెత్తారు’, ‘వాపోయారు’ మాత్రం మీవి. విలేకరి ఒకటి పంపుతాడు, డెస్కులో ఇంకొకరు దాన్ని మారుస్తారు, పేజీ వెళ్లిపోతుంది. ఆ మనిషి ఎలా మాట్లాడిందీ చూడని మాకు తెలిసేది ఆ ఒక్క క్రియ వల్లే. నేను బడిలో తెలుగు చెప్పి రిటైరైనదాన్ని. పిల్లలకు వాక్యం కట్టడం నేర్పడానికి పాఠ్యపుస్తకం కన్నా మీ పత్రికల్నే ఎక్కువగా ఆశ్రయించాను. ఆ చనువుతోనే అడుగుతున్నాను.

ఏ రోజు పేపరైనా జిల్లా పేజీ తీసి చూడండి. మండిపడ్డారు, విరుచుకుపడ్డారు, నిప్పులు చెరిగారు, దుయ్యబట్టారు, ధ్వజమెత్తారు, దుమ్మెత్తిపోశారు. టీవీ పెడితే కింద పరుగెత్తే అక్షరాల్లో ‘ఫైర్’, ‘స్ట్రాంగ్ వార్నింగ్’, ‘సంచలన వ్యాఖ్యలు’. మా పట్నంలో ఒక ప్రెస్‌మీట్‌లో నేనూ వెనక కుర్చీలో కూర్చున్నాను. మాట్లాడిన పెద్దమనిషి కళ్లజోడు సర్దుకుని, చేతిలోని కాగితం చూసి చదివారు. గొంతు పెంచలేదు. ఒక అంకె దగ్గర ఆగి, పక్కనున్న కుర్రాణ్ని అడిగి దిద్దుకున్నారు. చదవడం అయ్యాక టీ తాగి వెళ్లిపోయారు. మర్నాడు పేపర్లో ఆయన ‘విరుచుకుపడ్డారు’. కాగితంలో కటువైన మాటలు ఉన్న మాట నిజమే. కానీ విరుచుకుపడటం అంటే మనిషి మీదికి వచ్చేంత ఊపు. అది ఆ గదిలో లేదు. నిజంగా ఒకాయన బల్ల గుద్ది, ముఖం ఎర్రబడి, మైకు తోసేసి మాట్లాడిన రోజున మీరు ఏ మాట వాడతారు? ఆ మాటను ముందే ఖర్చుపెట్టేశారు.

ఈ క్రియల్లో కొన్ని మంచి ఇంటి నుంచి వచ్చినవి. తూర్పారబట్టడం కళ్లంలో పని. గాలివాటం చూసి చేటతో ధాన్యం ఎత్తిపోస్తే పొల్లు ఎగిరిపోయి గింజ కిందపడుతుంది. ఏకడం దూది పని. ఏకితే నలుసూ నూగూ పోయి దూది విడివడుతుంది. ఉతికి ఆరేయడం సంగతి చెప్పనక్కర్లేదు. ఈ మూడు పనుల్లోనూ ఓపిక ఉంది, క్రమం ఉంది, చివర్లో ఏదో ఒకటి శుభ్రపడుతుంది. ఒక సభ్యుడు బడ్జెట్ పద్దులు ఒక్కొక్కటే తీసుకుని, కేటాయింపు ఎంత, ఖర్చు ఎంత, మిగిలింది ఎక్కడికి పోయింది అని గంటసేపు అడిగితే, ‘తూర్పారబట్టారు’ అనండి, ఆ మాటకు ఆయన తగినవాడు. ‘దద్దమ్మ ప్రభుత్వం’ అని ఒక్క వాక్యం విసిరి కారెక్కినవారికీ అదే క్రియ ఇస్తే, కష్టపడి లెక్కలు తీసినవాడికి అన్యాయం చేసినట్టే.

కోపం క్రియల కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేవి నిజానిజాలు తేల్చేసే క్రియలు. ‘వెల్లడించారు’ అంటే, దాగి ఉన్న నిజం ఒకటి బయటికి వచ్చిందని. ‘గుర్తుచేశారు’ అంటే అది ముందే జరిగి ఉన్న సంగతని. ‘ఎత్తిచూపారు’ అంటే లోపం ఉందని మీరూ ఒప్పుకున్నట్టే. ‘బుకాయించారు’ అంటే అబద్ధమని తీర్పు చెప్పేసినట్టు. ‘చెప్పుకొచ్చారు’ ఒకప్పుడు మొదటి నుంచి చివరిదాకా వరసగా కథ చెప్పడం. ఇప్పుడు పేపర్లో ఆ మాట కనబడితే ‘నమ్మేలా లేదు’ అనే అర్థం తోస్తోంది. ఒకే రోజు, ఒకే విషయం మీద, ఒక పక్షంవారు వెల్లడిస్తారు, రెండో పక్షంవారు ఆరోపిస్తారు. ఏ పత్రికలో ఎవరు వెల్లడిస్తారో, ఎవరు ఆరోపిస్తారో పాఠకులకు కంఠతా వచ్చేసింది. ‘స్పష్టం చేశారు’ అని ఉన్న వార్త చివరిదాకా చదివితే ఏ తేదీ లేదు, ఏ అంకె లేదు, ఏ హామీ లేదు. స్పష్టమైనదేమిటో వెతుక్కోవడం మా వంతు.

నేర వార్తల్లో ఇది మరీ ప్రమాదం. ‘పోలీసుల విచారణలో నిందితుడు నేరాన్ని అంగీకరించాడు’. ఈ వాక్యం లేని క్రైం పేజీ నాకు గుర్తు లేదు. పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారాన్ని నిందితుడి మీద రుజువుగా వాడటానికి వీల్లేదని 1872 నాటి సాక్ష్య చట్టం 25వ సెక్షన్‌లోనే ఉంది. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియంలో అదే నియమం 23వ సెక్షన్‌లోకి మారింది. అతను చెప్పినదాన్ని బట్టి ఏదైనా వస్తువో ఆనవాలో దొరికితే, దానికి సంబంధించినంత వరకే మినహాయింపు. నూటయాభై ఏళ్లుగా కోర్టు నమ్మని మాటను మీరు ‘అంగీకరించాడు’ అని రాస్తే, వీధిలో తీర్పు వచ్చేసినట్టే కదా. ‘అంగీకరించాడని పోలీసులు చెప్పారు’ అని రాయండి. రెండు మాటలు పెరుగుతాయి. చెప్పిందెవరో తెలుస్తుంది. అలాగే ‘హెచ్చరించారు’కూ ‘బెదిరించారు’కూ మధ్య దూరం చిన్నది కాదు. నేరపూరితంగా బెదిరించడం భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ కింద శిక్షపడే నేరం. హెచ్చరించడం నేరం కాదు. శీర్షికలో చోటు సరిపోలేదని ఒకదాని బదులు రెండోది వేయకూడదు.

మాట్లాడటాన్ని చెప్పే తెలుగు క్రియల్లో అంతస్తులు ఉన్నాయి. గద్దించడం, కసురుకోవడం, చీవాట్లు పెట్టడం పైనుంచి కిందికి. విన్నవించుకోవడం, మొరపెట్టుకోవడం, ప్రాధేయపడటం కిందనుంచి పైకి. ఒకప్పటి సమాజం అలా ఉంది కాబట్టి మాటలూ అలా పుట్టాయి. ఇప్పుడు పౌరురాలు, అధికారి అని ఇద్దరు ఎదురెదురుగా నిలబడినప్పుడు కూడా మీరు ఆ పాత మెట్లే వేస్తున్నారు. ఒక సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణికి పనిమీద వెళ్లాను. నా ముందు వరసలో ఒకామె. చేతిలో పాసుపుస్తకం జిరాక్సు, మీసేవ రసీదు, పాత అర్జీల నకళ్లు, అన్నీ దారంతో కుట్టిన కట్ట. తన వంతు రాగానే కూర్చుని, తన భూమి విస్తీర్ణం రికార్డులో తక్కువ పడిందని చెప్పింది. ఏ కాగితంలో సరిగా ఉందో, ఏ కాగితంలో తప్పు పడిందో వేలు పెట్టి చూపించింది. ‘చూస్తాం అమ్మా’ అన్నారు. ‘ఎప్పటికల్లా సార్?’ అంది. ‘పంపిస్తాం, చూస్తారు’ అన్నారు. ‘ఎవరికి పంపుతున్నారో ఈ కాగితం మీద రాసివ్వండి’ అంది. రాయించుకునే లేచింది. కన్నీళ్లు లేవు, అరుపులు లేవు. మర్నాడు పేపర్లో ఆమె ఫొటో కింద ‘గోడు వెళ్లబోసుకుంటున్న మహిళా రైతు’ అని ఉంది.

ఆమె చేసింది గోడు వెళ్లబోసుకోవడం కాదు. అడిగింది, వివరించింది, చూపించింది, మళ్లీ అడిగింది, రాయించుకుంది. ఇవన్నీ తెలుగు క్రియలే, మూడో తరగతి పిల్లలకూ తెలిసినవే. ఆమె గొంతు కొంచెం పెరిగి ఉంటే ‘వాగ్వాదానికి దిగింది’ అని వచ్చి ఉండేది. బీదవాళ్లకు మీ దగ్గర రెండే గొంతులు ఉన్నాయి: ఏడుపు, గొడవ. అదే ప్రశ్న ఎమ్మెల్యే వేస్తే ‘ఆరా తీశారు’ అంటారు. ఆమె కూడా ఆరా తీసింది. ఆమెకూ ఆ క్రియ ఇవ్వండి.

ఇక మీరు వాడకుండా వదిలేసిన పదాల సంగతి. మాట సరిగా బయటికి రాకపోవడానికే మనకు ఎన్ని పేర్లున్నాయో చూడండి. గొణగడం అంటే గొంతు తగ్గి, మాట నోట్లోనే ఉండిపోవడం. ఎదుటివాడు వినాలన్న పట్టింపు లేదు. సణగడంలో అసంతృప్తి ఉంది, పైగా అది ఎవరో ఒకరి చెవిన పడాలి. అందుకే ఆగి ఆగి వస్తుంది, తెమలదు. నసగడం జవాబు చెప్పాల్సినవాడి పని. చెప్పక తప్పదు, చెప్పడం ఇష్టం లేదు. నీళ్లు నమలడం దానికి ఒక మెట్టు పైన. దొరికిపోయాడు, మాట కూడబలుక్కుంటున్నాడు. తెలంగాణలో గులుగుడు అని ఒకటుంది, గొణుగుడికీ సణుగుడికీ చుట్టమే. ఇన్ని ఉండగా, ప్రెస్‌మీట్‌లో సూటి ప్రశ్న పడినప్పుడు నాయకుడు ఏం చేసినా మీ పేపర్లో ‘దాటవేశారు’ ఒక్కటే. దాటవేయడానికి నేర్పు కావాలి. మాట మార్చి వేరే దారిలోకి తీసుకుపోవాలి. నీళ్లు నమిలినవాడికి ఆ నేర్పు లేదు. ఈ రెండిటికీ తేడా ఓటరుకు తెలియాలి. కాకపోతే ఒక షరతు: విలేకరి అది కళ్లారా చూసి ఉండాలి. ఏం చూశాడో కూడా పక్కన రాయాలి. ‘రెండుసార్లు అడిగాక, ఫైలు చూడాలి అని మాత్రం అన్నారు’ అని రాస్తే, నసిగారో లేదో మేమే తేల్చుకుంటాం.

నిష్ఠూరం గురించి కొంచెం ఆగి చెప్పాలని ఉంది. నిష్ఠూరాలాడటం అయినవాళ్లతోనే సాధ్యం. ‘పెళ్లికి పిలిచావు సరే, ముందురోజు రమ్మని ఒక్కమాట అనలేదు’ అని మేనత్త అనేది నిష్ఠూరం. అందులో కోపం కన్నా నొప్పి ఎక్కువ, తెంచుకుందామన్న ఉద్దేశం అసలే లేదు. ‘నేను నీకు ఏమీ కానా’ అన్న ప్రశ్న ఉంది. దెప్పడం వేరు. ఎప్పుడో జరిగినదాన్ని, చేసిన మేలునో చేసిన తప్పునో, సమయం చూసి మళ్లీ తవ్వడం అది. ఎత్తిపొడుపు ఇంకా వేరు. మాట పక్కవాడితో అంటాడు, తగిలేది నీకు. పార్టీలో సీనియర్ నాయకుడొకాయన టిక్కెట్ల దగ్గర తనను సంప్రదించలేదని కార్యకర్తల ముందు నొచ్చుకుంటే, అది మేనత్త నిష్ఠూరం లాంటిదే. మీరు దానికి ‘తిరుగుబాటు బావుటా’ అని శీర్షిక పెడతారు. చానెల్‌లో ‘ధిక్కార స్వరం’ అవుతుంది. సాయంత్రానికి ఆయనకు వివరణ అడుగుతూ నోటీసు వస్తుంది, మర్నాటికి ఆయనకూ వెనక్కి తగ్గడానికి దారి ఉండదు. మీరు పెట్టిన క్రియే ఆయన్ను అక్కడిదాకా తోసుకుపోతుంది. ఆయన నిష్ఠూరమాడారు. ఆ మాటే వేయండి. మీ పాఠకుల్లో ఆ మాట అర్థం కానివారు ఎవరూ లేరు.

ఇద్దరు కలిసి మాట్లాడుకోవడానికి మీ దగ్గర ఇంకా తక్కువ మాటలున్నాయి. భేటీ, మంతనాలు, చర్చలు, అంతే. పెళ్లి భోజనాల దగ్గర వేరువేరు పార్టీల నాయకులు పక్కపక్కన కూర్చుంటే మంతనాలు. మంతనంలో గుట్టు ఉంటుంది, ఎత్తు ఉంటుంది. వాళ్లు మాట్లాడుకున్నది మోకాళ్ల నొప్పుల గురించి, మనవడి కాలేజీ సీటు గురించి అయితే అది పిచ్చాపాటీ. పని మానుకుని సాగదీసుకునేది బాతాఖానీ. ఊరంతా తిరిగి దేనిమీదా నిలవనిది లోకాభిరామాయణం. తెలంగాణలో ముచ్చట పెట్టుకోవడం అన్న మాటలో ఎంత చనువు, ఎంత తీరిక ఉన్నాయో అక్కడ పుట్టినవారికి నేను చెప్పక్కర్లేదు. వినేవాడికి కూడా మన భాష పని ఇచ్చింది: ఊఁ కొడతాడు, మాట కలుపుతాడు, మాటకు అడ్డం వస్తాడు, వంతపాడతాడు, మాట మింగేస్తాడు. మీ వార్తల్లో వినేవాడే లేడు. సమావేశంలో మంత్రి అన్నది ఉంటుంది. ఎదురుగా కూర్చున్న రైతులు ఊఁ కొట్టారా, పెదవి విరిచారా, మధ్యలో లేచిపోయారా అన్నది ఎక్కడో ఒకచోట తప్ప కనిపించదు.

ప్రాంతాల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. కోస్తాలో మందలించడం అంటే తప్పు చేసినవాణ్ని మెత్తగా కోప్పడటం. తెలంగాణ పల్లెల్లో మందలించడం అంటే పలకరించడం, బాగోగులు అడగడం. నెల్లూరు వైపు మందల అంటే సంగతి. ‘ఎమ్మెల్యే సారు మా ఇంటికొచ్చి మమ్ముల మందలిచ్చిండు’ అని ఒక పెద్దాయన సంతోషంగా చెప్పిన మాట కోస్తాలో పుట్టి పెరిగిన సబ్‌ఎడిటర్ చేతిలో పడితే ‘మందలించిన ఎమ్మెల్యే’ అనే శీర్షిక పుట్టడానికి అరనిమిషం చాలు. పక్క టేబుల్‌ను అడిగితే తప్పిపోయే పొరపాటు ఇది. జిల్లాల నుంచి వార్త పంపే విలేకరికి తన ఊరి మాట తెలుసు. డెస్కుకు పంపేటప్పుడు దిద్దేస్తారన్న భయంతో ముందే ‘పేర్కొన్నారు’గా మార్చి పంపుతున్నాడు. ఆ భయం మీరే పోగొట్టాలి.

మన భాషలో ‘ట’ అని ఒక చిన్న ప్రత్యయం ఉంది. ‘వచ్చాడట’, ‘అన్నాడట’. నేను చూడలేదు, విన్నాను అని ఆ ఒక్క అక్షరం చెబుతుంది. అరుగు మీద కూర్చున్న ముసలమ్మ కూడా తను చూసినదానికి ‘ట’ పెట్టదు, విన్నదానికి పెట్టకుండా ఉండదు. మీ వార్తల్లో దాని బదులు ‘తెలుస్తోంది’, ‘సమాచారం’, ‘భోగట్టా’ వచ్చాయి. ఎవరికి తెలుస్తోంది, ఎవరిచ్చిన సమాచారం అన్నది ఉండదు. వార్తలో ‘అట’ రాయమని నేను అడగను, అది మీ శైలికి నప్పకపోవచ్చు. విన్నదేదో, చూసిందేదో విడదీసి చెప్పే అలవాటు మాత్రం ముసలమ్మకు ఉన్నంతైనా పత్రికకు ఉండాలి.

‘అన్నారు’ పదేపదే వస్తే వార్త చప్పబడుతుందని మీ శిక్షణ తరగతుల్లో చెబుతారని విన్నాను. కవిత్రయం భారతంలో ‘ఇట్లనియె’ అని ఎన్నిచోట్ల వస్తుందో లెక్కపెట్టడం కష్టం. ధర్మరాజు అన్నా, దుర్యోధనుడు అన్నా, కృష్ణుడు అన్నా ‘ఇట్లనియె’నే. ఎవరు ఎలా మాట్లాడారో తర్వాత వచ్చే పద్యం చూసుకుంటుంది. 1897లో అచ్చయిన కన్యాశుల్కం నాటకం కాబట్టి అందులో క్రియల అవసరమే పడలేదు. గిరీశం బుకాయిస్తున్నాడని, మధురవాణి చురక వేసిందని వాళ్ల మాటల్లోనే తెలుస్తుంది. మనిషి మాటను మాటగా, అతను పలికినట్టే అచ్చువేస్తే, వెనక క్రియ ఎంత సాదాగా ఉన్నా ఫరవాలేదు. మాటను కుదించి, మీ భాషలోకి మార్చి, జీవం పోయాక, దాన్ని లేపడానికి ‘నిప్పులు చెరిగారు’ కావలసివస్తోంది.

ఈ పనికి మీకన్నా తగినవారు లేరనే నా నమ్మకం. తాపీ ధర్మారావు జనవాణి పత్రికలో వాడుక భాషకు చోటిచ్చినప్పుడు, పత్రిక చదివేవాడు మాట్లాడే తెలుగే పత్రికలోనూ ఉండాలన్న ఆలోచన దాని వెనక ఉంది. బూదరాజు రాధాకృష్ణ ఈనాడు జర్నలిజం పాఠశాలలో తయారుచేసినవారు ఇప్పుడు ఎన్నో డెస్కుల్లో పెద్దలు. భద్రిరాజు కృష్ణమూర్తి పూనికతో 1962లో వ్యవసాయ పదాలకు, 1971లో చేనేత పదాలకు మాండలిక వృత్తిపదకోశాలు వచ్చాయి. రైతుల్ని, నేతగాళ్లను అడిగి, ఏ జిల్లాలో ఏ పనిముట్టును ఏమంటారో రాసుకున్న పుస్తకాలవి. మాట్లాడటం కూడా అందరూ చేసే పనే. దాని పదాల్ని అలా జిల్లాజిల్లాకూ పోయి ఏరాలంటే మండలానికొక విలేకరి ఉన్న మీకే సాధ్యం.

కాబట్టి అడిగేది ఇది. కోపం క్రియ పెట్టే ముందు డెస్కు నుంచి విలేకరికి ఫోన్ చేసి ‘గొంతు పెంచారా?’ అని ఒక్క ప్రశ్న వేయండి. పెంచలేదంటే ‘అన్నారు’. పోలీసులు చెప్పింది పోలీసులు చెప్పినట్టే రాయండి. అర్జీ పట్టుకుని వచ్చిన మనిషికి ‘అడిగారు’ అనే గౌరవం ఇవ్వండి. ఆదివారం అనుబంధంలో అరపేజీ కేటాయించి, మీ ఊళ్లో మాట తీరును చెప్పే పదాలు పంపమని పాఠకుల్ని పిలవండి. వాక్యంతో సహా పంపమనండి, ఎవరు ఎవరితో అన్నప్పుడు ఆ మాట వాడతారో రాయమనండి. వచ్చినవాటిని విలేకరుల శిక్షణలో వాడండి. బదిలీ మీద వెళ్లిన ప్రతి ఊళ్లోనూ బడి ముందు అరుగుల మీద, బస్సుల్లో, నీళ్ల పంపు దగ్గర విన్న ఇలాంటి పదాలు ఊరి పేరుతో సహా నేను నోటుపుస్తకాల్లో రాసిపెట్టుకున్నాను. మీలో ఎవరు ఆ అరపేజీ ఇస్తామన్నా, మొదటి విడతకు ఆ పుస్తకాలు పంపుతాను.

ఇట్లు,
మీ పత్రికల పాఠకురాలు,
విశ్రాంత తెలుగు ఉపాధ్యాయిని